బైనరీ ఫైళ్లకు చోటెక్కడ? యాభై ఏళ్ల వాదనపై ఒక సమీక్ష

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇస్నాపూర్ దాటితే రుద్రారం వస్తుంది. గీతం విశ్వవిద్యాలయం హైదరాబాద్ క్యాంపస్ ఈ ఊళ్లోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ తయారుచేసే తోషిబా ఫ్యాక్టరీ కూడా ఇక్కడిదే. నగరం వైపు వెళ్తే పాశమైలారం పారిశ్రామికవాడ, పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉన్నాయి. సంగారెడ్డి వైపు వెళ్తే ఐఐటీ హైదరాబాద్. ఇలాంటి పారిశ్రామిక పట్టీలో రోజూ పుట్టే ఫైళ్లలో అక్షరాలతో రాసినవి తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు డ్రాయింగ్, రియాక్టర్ ప్యానెల్‌లోని పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్రోగ్రామ్, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే క్రొమాటోగ్రఫీ యంత్రం నమోదుచేసే రా డేటా, పంటల జన్యుక్రమం, డ్రైవర్ లేని వాహనం సెన్సర్ల రికార్డింగ్... దాదాపు అన్నీ బైనరీ ఫైళ్లే.

కాలేజీల్లో నేర్పే వెర్షన్ కంట్రోల్ మాత్రం అక్షరాల కోసం పుట్టింది. గిట్ నేర్చుకుని ప్లాంటులో చేరిన ఇంజనీరు ‘ఈ ఫైళ్లను కూడా అందులో పెట్టొచ్చా’ అని అడిగితే నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. వద్దే వద్దంటారు ఒకరు. పెద్ద ఫైళ్లను గిట్ బయట దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టుకోమంటారు ఇంకొకరు. అది డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని మూడోవారు, సర్వర్లో తేదీల వారీగా ఫోల్డర్లుంటే చాలని నాలుగోవారు చెబుతారు. నలుగురూ అనుభవంతోనే మాట్లాడుతున్నారు. కానీ నలుగురూ జవాబిస్తున్న ప్రశ్న ఒకటి కాదు. వాదన ఇంతగా చిక్కుపడటానికి అసలు కారణం అదే.

ఇబ్బంది ఎక్కడుంది?

గిట్ బైనరీ ఫైళ్లను దాచలేదన్న మాట తరచూ వినబడుతుంది. అది నిజం కాదు. గిట్ ఏ ఫైలునైనా బైట్ల వరుసగానే చూస్తుంది. దాచేటప్పుడు పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ మధ్య తేడాను లెక్కగట్టి తేడాను మాత్రమే ఉంచే పద్ధతి బైనరీకి కూడా వర్తిస్తుంది. కుదింపు లేని బొమ్మల ఫైళ్ల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది.

చిక్కంతా ముందే కుదించిన ఫైళ్లతోనే. జేపెగ్, ఎంపీ4, జిప్ వంటి వాటిలో చిన్న మార్పు చేసి సేవ్ చేసినా అక్కడి నుంచి చివరిదాకా బైట్లు మారిపోతాయి. ఎక్సెల్ షీటు కూడా లోపల జిప్పే. ఒక గడిలో అంకె మార్చితే ఆ షీటుకు చెందిన భాగమంతా కొత్తగా తయారవుతుంది. అలాంటప్పుడు తేడా దాచడమంటే ఇంచుమించు మొత్తం దాచడమే. 40 ఎంబీ ఫైలును 50 సార్లు సేవ్ చేస్తే 2 జీబీ అవుతుంది. గిట్‌లో క్లోన్ చేసిన ప్రతివారికీ చరిత్ర మొత్తం చేరుతుంది కాబట్టి ఆ 2 జీబీ పదిమంది కంప్యూటర్లలోనూ పేరుకుంటుంది. తర్వాత ఆ ఫైలును డిలీట్ చేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. పూర్తిగా తీసేయాలంటే చరిత్రను తిరగరాయాలి. అప్పుడు దాని తర్వాతి కమిట్లన్నిటి హాష్‌లూ మారతాయి, బృందం మొత్తం మళ్లీ క్లోన్ చేసుకోవాలి.

బరువు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో పంపు ఆగాక వాల్వు మూయడానికి పెట్టిన టైమర్‌ను 5 సెకన్ల నుంచి 7 సెకన్లకు మార్చారనుకుందాం. టెక్స్ట్ అయితే మారిన ఆ ఒక్క వరుస కళ్లకు కనిపిస్తుంది. బైనరీ ప్రాజెక్టు ఫైలైతే ‘రెండు ఫైళ్లూ వేరు’ అని మాత్రమే గిట్ చెబుతుంది. ఏం మారిందో, ఎందుకు మారిందో కమిట్ సందేశంలో మనిషి రాస్తేనే తెలియాలి. ఇద్దరు ఇంజనీర్లు ఒకే రోజు వేర్వేరు మార్పులు చేస్తే వాటిని కలపడం కుదరదు. ఒకరి పని పోతుంది. డిస్కు ఎంత చవకైనా ఈ నష్టం తీరదు.

1972 నుంచి నేటిదాకా

బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ 1972లో మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ 1980ల ఆరంభంలో రూపొందించిన ఆర్‌సీఎస్, ఆ తర్వాతి సీవీఎస్ అన్నీ ప్రోగ్రాముల సోర్స్ కోడ్ కోసం వచ్చినవే. సీవీఎస్‌లో బైనరీ ఫైలు చేర్చేటప్పుడు ‘-కేబీ’ అన్న గుర్తు పెట్టడం మరిచిపోతే వరుసల చివరి గుర్తులను, తేదీ వంటి కీవర్డ్‌లను అది తనంతట తానే మార్చేసేది. బొమ్మో, లైబ్రరీయో పాడయ్యేది. బైనరీలు వెర్షన్ కంట్రోల్‌కు పనికిరావన్న అభిప్రాయం ఆ రోజుల్లోనే పాతుకుపోయింది. ఆ లోపం పోయి చాలా ఏళ్లయినా అభిప్రాయం మాత్రం పోలేదు.

2000లో పని మొదలై 2004లో 1.0 వెర్షన్‌గా వచ్చిన సబ్‌వర్షన్ ఈ పరిస్థితిని మార్చింది. టెక్స్ట్‌కూ బైనరీకీ ఒకే తేడా పద్ధతి వాడింది. 2005లో 1.2 వెర్షన్‌తో లాక్ సదుపాయం ఇచ్చింది. చరిత్ర అంతా సర్వర్లో ఉంటుంది కాబట్టి పనిచేసేవారి కంప్యూటర్లో తాజా ప్రతి, దాని మూల ప్రతి మాత్రమే ఉంటాయి. 1995లో క్రిస్టఫర్ సీవాల్డ్ స్థాపించిన పెర్‌ఫోర్స్ ఇదే కేంద్రీకృత దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. వీడియో గేమ్‌ల పరిశ్రమ నేటికీ ఎక్కువగా దాన్నే నమ్ముకుంది.

లైనక్స్ కెర్నల్‌కు అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్ ఉచిత వాడకం 2005లో ఆగిపోవడంతో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశారు. కెర్నల్‌కు కావలసింది వేగం, ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి చరిత్ర, సులువుగా మెర్జ్. ఆ అవసరానికి గిట్ సరిగ్గా సరిపోయింది. తర్వాతి పదేళ్లలో అది ప్రపంచమంతా పరుచుకోవడంతో ఆ అవసరం లేనివాళ్లు కూడా దానిలోకి వచ్చారు. డిజైనర్లు, శాస్త్రవేత్తలు, ఆటోమేషన్ ఇంజనీర్లు, ఫాంట్లు చేసేవాళ్లు అందరూ తమ బరువైన ఫైళ్లను కెర్నల్ కోసం తయారైన పనిముట్టులో ఇమడ్చాల్సి వచ్చింది. బైనరీల వాదన మళ్లీ రాజుకున్నది అప్పుడే.

నాలుగు దారులు

మొదటి వర్గం అన్నీ ఒకే చోట ఉండాలంటుంది. డ్రాయింగ్, ప్రోగ్రామ్, మాన్యువల్ అన్నీ ఒకే రిపోలో ఉంటే ఫలానా రోజు యంత్రం ఎలా ఉందో ఒక్క ఆదేశంతో తెలుసుకోవచ్చన్నది వీరి వాదన. పెర్‌ఫోర్స్, సబ్‌వర్షన్ వాడేవారిలో చాలామంది ఇటువైపే. గిట్‌ను కూడా ఈ స్థాయికి తేవచ్చని మైక్రోసాఫ్ట్ నిరూపించింది. 35 లక్షల ఫైళ్లు, 300 జీబీ ఉన్న విండోస్ కోడ్‌ను 2017లో గిట్‌లోకి మార్చింది. అయితే అందుకోసం అడిగినప్పుడే ఫైలును దింపే ప్రత్యేక ఫైల్ సిస్టమ్‌ను తనే రాసుకోవాల్సి వచ్చింది. ఆ ఆలోచనలో కొంత తర్వాత మామూలు గిట్‌లోకీ చేరింది. 2018 నుంచి వచ్చిన పార్షియల్ క్లోన్‌తో పెద్ద ఫైళ్లను మొదట వదిలేసి, కావలసినప్పుడే తెచ్చుకోవచ్చు. సర్వర్ అందుబాటులో లేకపోతే మాత్రం ఆ సౌకర్యం ఆగిపోతుంది.

రెండో వర్గం సోర్స్ వేరు, తయారైన సరుకు వేరు అంటుంది. కంపైల్ చేస్తే వచ్చేదాన్ని దాచడం దండగ, దాన్ని ఆర్టిఫాక్ట్ రిపోజిటరీలో పెట్టి నంబరు వేసి పంచాలంటారు. జావా లోకంలో మేవెన్, నెక్సస్, ఆర్టిఫాక్టరీ ఈ పద్ధతిని స్థిరపరిచాయి. డాకర్ రిజిస్ట్రీలు దాన్నే కొనసాగిస్తున్నాయి. సిద్ధాంతంగా ఇదే అన్నిటికన్నా శుభ్రమైన వాదన. డెబియన్ 2013 నుంచి సాగిస్తున్న రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ఉద్యమం దీనికి బలమిచ్చింది. సోర్స్ నుంచి అదే బైనరీని బైటు తేడా లేకుండా ఎన్నిసార్లయినా తయారుచేయగలిగితే దాచే బాధే ఉండదు. కానీ సోర్స్ చేతిలో లేని బైనరీ సంగతేంటి? లైనక్స్ కెర్నల్‌కే ఈ ప్రశ్న ఎదురైంది. వైఫై చిప్పుల ఫర్మ్‌వేర్ వంటివి కంపెనీలు బైనరీగానే ఇస్తాయి. వాటిని కెర్నల్ సోర్స్‌లోంచి క్రమంగా తప్పించి, 2017లో వచ్చిన 4.14 వెర్షన్ నాటికి పూర్తిగా తీసేసి, లైనక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరే రిపోలో ఉంచారు. అదీ గిట్ రిపోనే. సూత్రం ఎంత గట్టిదైనా అవసరం దగ్గర కొంత వంగక తప్పలేదు.

మూడోది చీటీల దారి. గోదాములో సరుకు దించి రసీదు జేబులో పెట్టుకున్నట్టు, బరువైన ఫైలు ఎక్కడో సర్వర్లో ఉంటుంది, గిట్‌లో చిన్న చీటీ ఉంటుంది. గిట్‌హబ్ 2015 ఏప్రిల్‌లో ప్రకటించిన ఎల్‌ఎఫ్‌ఎస్ చీటీ తెరిస్తే మూడే వరుసలు కనిపిస్తాయి. మొదటిది ఏ నియమావళి ప్రకారం రాసిందో చెబుతుంది, రెండోది అసలు ఫైలు షా-256 హాష్, మూడోది సైజు. మొత్తం కలిపి 130 బైట్ల చుట్టూ ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్టాల్ చేయని కంప్యూటర్లో క్లోన్ చేసి డ్రాయింగ్ తెరవబోతే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఫైలు పాడైందంటుంది. నిజానికి ఏమీ పాడవలేదు, చేతికి వచ్చింది చీటీ మాత్రమే. కొత్తవారిని ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. అంతకుముందే మెర్క్యురియల్ అనే వెర్షన్ కంట్రోల్‌లో లార్జ్‌ఫైల్స్ పేరుతో ఇలాంటి ఏర్పాటు వచ్చింది. వేరే దారి లేనప్పుడే వాడాల్సిన వాటిలో ఒకటని దాని నిర్వాహకులే రాసిపెట్టారు.

ఈ వర్గంలోనే 2010లో జోయీ హెస్ రాసిన గిట్-అనెక్స్ ఉంది. దీనికి రావలసినంత పేరు రాలేదు. ఎల్‌ఎఫ్‌ఎస్ ఒక కేంద్ర సర్వర్‌ను నమ్ముకుంటే, గిట్-అనెక్స్ ఫైలు ప్రతి ఏ డిస్కులో ఉందో, ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో లెక్క ఉంచుతుంది. ఒక చోట తీసేయమంటే ఇంకెక్కడైనా తగినన్ని ప్రతులున్నాయో లేదో ముందు చూస్తుంది. లేకపోతే తీయనని మొరాయిస్తుంది. ఇంటర్నెట్‌కు కలపకూడని కంట్రోల్ రూముల్లో ఇది ఎల్‌ఎఫ్‌ఎస్ కన్నా చాలా పనికొస్తుంది. వాడటం కష్టం కావడమే దాని లోపం. మెదడు స్కానింగ్ పరిశోధనలో వాడే డేటాల్యాడ్ దీని మీద కట్టిందే. మెషీన్ లెర్నింగ్ వాళ్లు వాడే డీవీసీది కూడా చీటీల పద్ధతే.

నాలుగో వర్గం మూలానికే వెళ్తుంది. బైనరీని దాచే తంటాలు పడేకన్నా ఫైలు ఫార్మాట్‌నే టెక్స్ట్‌గా మార్చుకోమంటుంది. దీనికి తెలుగు ఫాంట్లు మంచి ఉదాహరణ. ఫాంటును చివరికి టీటీఎఫ్ అనే బైనరీగా వాడతాం. గీసే దశలో యూఎఫ్‌ఓ అనే ఫార్మాట్ వాడితే ఒక్కో అక్షర రూపానికి ఒక్కో చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. ‘క్ష’ కింది వంపు సరిచేస్తే ఆ ఒక్క ఫైలే మారుతుంది. గుణింతాలు ఒకరు, ఒత్తులు ఇంకొకరు ఒకేసారి దిద్దినా రెండు పనులూ కలిసిపోతాయి. టీటీఎఫ్‌గా మాత్రమే ఉంటే ఇది అసాధ్యం. అదే సమయంలో గూగుల్ ఫాంట్స్ గిట్ రిపోలో మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి తెలుగు ఫాంట్ల టీటీఎఫ్‌లు కూడా నేరుగా ఉన్నాయి. అక్కడ గిట్ పంపిణీ గోదాముగా పనిచేస్తోంది. చిన్న ఫైళ్లు, అరుదుగా మారేవి కాబట్టి ఇబ్బంది లేదు. నిషేధం ఎందుకు తప్పో ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తుంది.

బరువు విషయంలో మొదటి దారికి సర్వర్ ఖర్చు, రెండోదానికి బిల్డ్ క్రమశిక్షణ, మూడోదానికి రెండు చోట్ల బ్యాకప్, నాలుగోదానికి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ సహకారం కావాలి. నాలుగోది దొరికితే దాన్ని మించింది లేదు. చాలాచోట్ల దొరకదు.

లాక్ వెనకబాటుతనమా?

గిట్ వ్యాప్తితో పాటు ఫైలు లాక్ చేయడం పాతకాలపు పద్ధతన్న భావన కూడా వ్యాపించింది. అందరూ ఒకేసారి పనిచేసి చివర్లో కలుపుకోవాలన్నది కొత్త సంస్కారం. కలపగలిగే ఫైళ్లకు అది సరే. త్రీడీ మోడల్‌ను, పీఎల్‌సీ బైనరీని కలిపేదెలా? క్యాడ్ లోకంలో టీమ్‌సెంటర్, విండ్‌చిల్, సాలిడ్‌వర్క్స్ పీడీఎం, ఆటోడెస్క్ వాల్ట్ అన్నీ చెకౌట్, చెకిన్ మీదే నడుస్తాయి. ఒకరు తీసుకుంటే మిగతావారికి చదవడానికే వస్తుంది. తోటి ఇంజనీరు సెలవుపై వెళ్తూ లాక్ వదలకపోతే పని ఆగుతుందన్నది నిజమే, దానికి లాక్ తీయించే అధికారం ఒకరికి ఇస్తే సరిపోతుంది. రెండు రోజుల పని పోవడం కన్నా రెండు గంటలు ఆగడం మేలు. ఎల్‌ఎఫ్‌ఎస్ కూడా తర్వాత లాక్ ఆదేశాలు చేర్చుకోక తప్పలేదు. ఈ అంశంలో వాదన తేలినట్టేనని చెప్పొచ్చు. కలపలేని ఫైలుకు లాక్ ఉండాల్సిందే.

ప్లాంటు లోపల

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో బల్క్ డ్రగ్ యూనిట్లు ఎక్కువ. ఔషధ పరిశ్రమకు వెర్షన్ చరిత్ర అన్నది సౌకర్యం కాదు, చట్టం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆడిట్ ట్రయల్ ఉండాలి, కొత్త మార్పు పాత సమాచారాన్ని కప్పేయకూడదు. డేటా ఇంటిగ్రిటీపై 2018 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో మెట్టు ఎక్కాయి. క్రొమాటోగ్రఫీ వంటి రికార్డులకు ప్రింటు తీసి ఫైలులో గుచ్చితే చాలదు, మళ్లీ తెరిచి విశ్లేషించడానికి వీలున్న అసలు ఎలక్ట్రానిక్ డేటానే ఉంచాలి. అంటే హెచ్‌పీఎల్‌సీ బైనరీ ఫైలే సాక్ష్యం. మన దేశంలో 2023 డిసెంబరు చివర నోటిఫై చేసిన, ఔషధ తయారీ ప్రమాణాలను చెప్పే సవరించిన షెడ్యూల్ ఎం కూడా కంప్యూటర్ వ్యవస్థలను నియమాల కిందికి తెచ్చింది.

మరి ల్యాబ్ డేటాకు గిట్ సరిపోతుందా? ఇక్కడ రెండు వాదనలున్నాయి. ప్రతి కమిట్ హాష్ ముందు కమిట్ మీద ఆధారపడుతుంది కాబట్టి దొంగచాటు మార్పు బయటపడుతుందని అనుకూలురు అంటారు. ఫోర్స్ పుష్‌తో చరిత్రనే మార్చే వీలున్న పనిముట్టును రికార్డుల గదిగా వాడటం కుదరదని ప్రతికూలురు అంటారు. ప్రతికూలుర మాటే బలంగా ఉంది. హాష్ మార్పును పట్టిస్తుంది కానీ పోయిన పాత రికార్డును తిరిగి తేదు. పైగా కమిట్‌లో పేరు, సమయం వాడకందారు తన కంప్యూటర్లో తానే పెట్టుకోగలడు. ల్యాబ్ డేటా దాని కోసం ధ్రువీకరించిన వ్యవస్థలోనే ఉండాలి.

పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ల పరిస్థితి వేరు. అక్కడ ఎక్కువ నష్టం నిర్లక్ష్యం వల్లే జరుగుతుంది. ప్యానెల్ కమిషన్ చేసినప్పటి ప్రోగ్రామ్ ఒకరి ల్యాప్‌టాప్‌లో, రాత్రి షిఫ్టులో మార్చింది ఇంకొకరి పెన్‌డ్రైవ్‌లో, నిజంగా నడుస్తున్నది కంట్రోలర్‌లో ఉంటాయి. మూడూ ఒకటో కాదో ఎవరికీ తెలియదు. కంట్రోలర్ కాలిపోయిన రోజు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ సరిచేసింది’ అన్న మూడు ఫైళ్లలో ఏది ఎక్కించాలో తేలక లైను ఆగుతుంది. దీనికోసమే జర్మనీలో వెర్షన్‌డాగ్, అమెరికాలో రాక్‌వెల్ వారి అసెట్‌సెంటర్ వచ్చాయి. ఇవి కంట్రోలర్‌లోని ప్రోగ్రామ్‌ను దింపుకుని సర్వర్లోని ప్రతితో పోల్చి తేడా చూపుతాయి. ఇంకోవైపు ఫార్మాట్లు మెల్లగా తెరుచుకుంటున్నాయి. సీమెన్స్ టీఐఏ పోర్టల్‌లో ప్రోగ్రామ్ బ్లాకులను ఎక్స్‌ఎంఎల్‌గా తీసి గిట్‌కు ఇచ్చే వీలుంది. రాక్‌వెల్ ప్రాజెక్టును ఎల్5ఎక్స్ అనే టెక్స్ట్ రూపంలో ఎగుమతి చేయవచ్చు. పీఎల్‌సీఓపెన్ ఎక్స్‌ఎంఎల్ 2019లో ఐఈసీ ప్రమాణమైంది. బైనరీ ప్రాజెక్టునూ, దాని టెక్స్ట్ ఎగుమతినీ ఒకే కమిట్‌లో జంటగా ఉంచడం ఇప్పటికి అందుబాటులో ఉన్న మంచి పద్ధతి. మొదటిది నడపడానికి, రెండోది తేడా చదవడానికి.

పరిశోధన డేటా, మోడళ్లు

ఇక్రిశాట్ నాయకత్వంలో కందిపంట జన్యుక్రమం 2011 చివర, శనగది 2013లో వెలువడ్డాయి. 2021లో 3,366 శనగ రకాల జన్యుక్రమాల అధ్యయనం నేచర్ పత్రికలో వచ్చింది. ఇలాంటి డేటా ఏ వెర్షన్ కంట్రోల్‌లోనూ ఇమడదు, ఇమడాల్సిన పనీ లేదు. సీక్వెన్సర్ ఇచ్చిన ముడి డేటా ఒకసారి పుట్టాక మారదు. దానికి ప్రజా ఆర్కైవ్‌లో శాశ్వత సంఖ్య వేసి, విశ్లేషణ ప్రోగ్రామ్‌ను, ఆ సంఖ్యను గిట్‌లో ఉంచితే పని జరుగుతుంది.

మోడళ్లు అలా కాదు, అవి మారుతుంటాయి. ఐఐటీ హైదరాబాద్ 2019లోనే దేశంలో తొలిసారి కృత్రిమ మేధలో బీటెక్ మొదలుపెట్టింది. స్వయంచాలిత వాహనాలను పరీక్షించే టిహాన్ కేంద్రం 2022లో అదే క్యాంపస్‌లో ప్రారంభమైంది. ఈ రంగంలో మోడల్ ఫైలు కొన్ని జీబీలుంటుంది, మళ్లీ మళ్లీ శిక్షణ ఇస్తారు. మోడళ్లను పంచే హగింగ్ ఫేస్ సంస్థ మొదట గిట్‌తో ఎల్‌ఎఫ్‌ఎస్ కలిపి నడిపింది. ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైలును ముక్కలు చేయదు కాబట్టి ఒక్క బైటు మారినా మొత్తం మళ్లీ ఎక్కించాలి. 2024 ఆగస్టులో ఆ సంస్థ జెట్‌హబ్ అనే కంపెనీని కొన్నాక దారి మార్చింది. ఫైలును సుమారు 64 కేబీ ముక్కలుగా, లోపలి డేటాను బట్టి హద్దులు గీసి, మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది. ఈ ఆలోచన బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో ఎప్పటినుంచో ఉంది. 1996లో వచ్చిన ఆర్‌సింక్ కూడా ముక్కల లెక్కతోనే మారిన భాగాన్ని పంపేది. వెర్షన్ కంట్రోల్‌లోకి అది రావడానికే ఇంత ఆలస్యమైంది.

నమ్మకం సంగతి

దాచడం, పంచడం రెండిట్లోనూ బైనరీ చదవలేనిదే. ఆ చీకటిని వాడుకున్నవాళ్లున్నారు. 2017 ఫిబ్రవరిలో గూగుల్, నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 హాష్ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను తయారుచేసి చూపారు. పరీక్ష కోసం ఆ రెండిటినీ వెబ్‌కిట్ ప్రాజెక్టు సబ్‌వర్షన్ రిపోలో చేర్చగానే రిపో మొరాయించింది. ఒకే హాష్ ఉంటే ఒకే ఫైలని అది నమ్మేది మరి.

2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా భయంకరమైనది. లైనక్స్ యంత్రాల్లో అంతటా ఉండే ఆ కుదింపు లైబ్రరీ రిపోలో పరీక్షల కోసమంటూ చేర్చిన రెండు బైనరీ ఫైళ్లలో దొంగ కోడ్ దాగి ఉంది. కుదింపు సాఫ్ట్‌వేర్‌కు పాడైన ఫైళ్లతో పరీక్షలు మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కోడ్‌ను మేల్కొలిపే స్క్రిప్టు మాత్రం గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (పంచడానికి కట్టిన సోర్స్ మూటలోనే) ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి బయటపడింది. దాచిన చోట చదవలేని ఫైలు, పంచే చోట రిపోలో లేని ఫైలు. ఈ రెండు పనులనూ వేర్వేరు సమస్యలుగా చూసే అలవాటు ఎంత ప్రమాదమో ఈ ఘటన చెప్పినంతగా ఏ వాదనా చెప్పలేదు. బైనరీ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఆదేశంతో తయారైంది అన్న సమాచారం పక్కనే లేకపోతే దాన్ని తీసుకోకూడదు.

ఇంకా తేలనివి

కాలం ప్రశ్న తేలలేదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దశాబ్దాల పాటు సబ్‌స్టేషన్‌లో ఉంటుంది. దాని డ్రాయింగ్ ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ అంతకాలం ఉంటుందన్న హామీ లేదు. స్టెప్ వంటి తటస్థ ఫార్మాట్‌లో, పీడీఎఫ్-ఏలో ఇంకో ప్రతి ఉంచడం సగం పరిష్కారమే. వాటిలో డిజైనర్ ఉద్దేశం పూర్తిగా మిగలదు.

తుడిచివేత ప్రశ్న కూడా అంతే. ఏదీ పోకూడదన్నది వెర్షన్ కంట్రోల్ ధర్మం. వ్యక్తిగత సమాచారాన్ని తుడిపించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చింది. ఒక ఉద్యోగి ఫొటో పాత కమిట్లలో ఉంటే ఈ రెండిటికీ పొత్తు కుదరదు. చీటీల పద్ధతిలో అసలు ఫైలును తీసేసి చీటీ ఉంచే వీలుంది కాబట్టి ఇక్కడ దానికి కొంత మొగ్గు ఉంది. ఇక గిట్ లోపలే పెద్ద ఫైళ్లను వేరే సర్వర్‌కు అప్పగించే ఏర్పాటుపై పని సాగుతోంది. అది పూర్తయితే ఎల్‌ఎఫ్‌ఎస్ అవసరం తగ్గవచ్చు. అప్పటిదాకా దాని మీద ఆధారపడి ప్రణాళికలు వేయడం తొందరపాటు.

వాదనలన్నీ చూశాక తీర్పు చెప్పాల్సి వస్తే, బైనరీ అన్న మాటను పక్కనపెట్టి మూడు ప్రశ్నలు వేసుకోవాలంటాను. ఈ ఫైలును మళ్లీ తయారుచేయగలమా? ఒకేసారి ఎంతమంది మారుస్తారు? ఎన్నేళ్ల తర్వాత, ఎవరు, ఎలాంటి నెట్‌వర్క్ మీద దీన్ని అడుగుతారు? మళ్లీ తయారుచేయగలిగినదాన్ని దాచకుండా, తయారుచేసే పద్ధతిని దాచాలి. చేయలేనిదాన్ని ఎంత బరువైనా దాచాలి. చిన్నదైతే నేరుగా గిట్‌లో, పెద్దదైతే చీటీతో, కలపలేనిదైతే లాక్‌తో. బరువు ఎక్కడున్నా దాని హాష్, తేదీ, మార్చినవారి పేరు, మార్పుకు కారణం మాత్రం వెర్షన్ కంట్రోల్‌లోనే ఉండాలి.

రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారంలోని చిన్న యూనిట్లకు పెద్ద సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేకపోవచ్చు. ఒక పాత కంప్యూటర్లో సబ్‌వర్షన్ సర్వర్ పెట్టి, పీఎల్‌సీ ప్రాజెక్టులను, ప్యానెల్ డ్రాయింగులను లాక్‌తో ఉంచడానికి కావలసింది ఒక రోజు పని, రెండు హార్డ్‌డిస్కులు. గీతం వంటి క్యాంపస్‌లలో చదివే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చినా చేసిపెట్టగలరు. పెట్టాక ఏడాదికోసారి పాత వెర్షన్ ఒకటి బయటకు తీసి, వేరే కంప్యూటర్లో తెరిచి, స్పేర్ కంట్రోలర్‌లోకి ఎక్కించి చూడండి. ఎక్కలేదంటే మీ దగ్గర బ్యాకప్ లేనట్టే, ఆ రోజే సరిచేయండి.